నర్సమ్మ చేతి గింజ

మా వీధిలో ఎవరు కొత్తగా కుండీ కొన్నా ముందు మట్టి కోసం వెతకరు, నర్సమ్మ కోసం వెతుకుతారు. వెతికేవారు అనాలి ఇప్పుడు. ఆ మార్పు ఎలా వచ్చిందో చెప్పకపోతే నా కడుపుమంట చల్లారదు, అందుకే రాస్తున్నాను.

పూర్తి పేరు వెంకటనర్సమ్మ. పుట్టింది ఆలేరు అవతల ఒక పల్లెలో. పెళ్లయ్యాక నాచారం వచ్చింది. భర్త కనకరాజు ఇక్కడి ఫ్యాక్టరీల్లో లేతు మిషను మీద పనిచేసేవాడు. మా ఎదురిల్లు సుశీలమ్మగారిది. కింది వాటాలో ఈ ఇద్దరూ అద్దెకు దిగారు. రెండు గదులు, వెనక ప్రహరీగోడకీ మురుగు పోయే మోరీకీ మధ్య సన్నని మట్టి జాగా. అంతకు ముందున్నవాళ్లు అక్కడ విరిగిన కుర్చీలు, పగిలిన బకెట్లు పడేసేవారు. నర్సమ్మ వచ్చిన వానాకాలంలోనే అవన్నీ తీసేసి, రాళ్లు ఏరి, అమ్మగారింటి నుంచి కొంగున ముడేసుకొచ్చిన చిక్కుడు గింజలు పెట్టింది. చలి మొదలయ్యేసరికి ఆ తీగ గోడెక్కి, సుశీలమ్మగారి కిటికీ కమ్మేసి, కరెంటు మీటరు దాకా పోయింది. మీటరు చూడ్డానికొచ్చినాయన ఆకులు తప్పించుకుని అంకెలు చదవాల్సి వచ్చింది. ఆ ఏడు వీధి వీధంతా ఆ చిక్కుడుకాయే తిన్నాం.

మేము బాపట్ల వైపు వాళ్లం. మా ఆయన ఉమాపతిది రైల్వే ఉద్యోగం కావడంతో ఇక్కడ స్థిరపడ్డాం. నాకు మేడ మీద మొక్కలంటే పిచ్చి. పెంచడం మాత్రం వచ్చేది కాదు. నర్సరీలో కొన్నవన్నీ నా దగ్గర ప్రాణం విడిచేవి. "తారామణీ, నువ్వు మొక్కలు కొనడం లేదు, పుల్లలు కొంటున్నావు" అని మా ఆయన వెక్కిరించేవారు. ఒకరోజు ఒళ్లు మండి, చెప్పులు కూడా వేసుకోకుండా ఎదురింటికి వెళ్లి నర్సమ్మను పిలుచుకొచ్చాను.

మేడ మీద మా పాత సిమెంటు తొట్టి ఒకటి ఉంది. ఆమె దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఇయ్యాల గాదక్కా, మిరుగం రానియ్యి" అంది. మిరుగం అంటే మృగశిర కార్తె. చెప్పినట్టే ఆ రోజు తలస్నానం చేసి, తడిజుట్టు ముడేసి, ఇంత బొట్టు పెట్టుకుని వచ్చింది. మట్టిలో వేలు కణుపు దాకా గుచ్చింది. చిక్కుడు గింజ కన్ను కిందికి వచ్చేలా తిప్పి పెట్టింది. బొటనవేలితో మట్టి కప్పి "మొలువు తల్లీ" అంది. అంత తతంగం నాకు నవ్వు తెప్పించింది కానీ, గింజ మొలిచింది, పాకింది, కాసింది. ఆ కాయలతో కూర వండిన రోజు మా ఆయన రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నారు, పుల్లల మాట మళ్లీ ఎత్తలేదు.

అలా ఆమె చేయి మంచిదన్న పేరు వీధి దాటింది. మిరుగం నాడు పొద్దున్నించీ ఒకటే పిలుపులు. ఏ ఇంట్లోనైనా మొదటి గింజ నర్సమ్మ పెట్టాలి, మిగతావి ఎవరు పెట్టినా ఫరవాలేదు. ఆ ఇంటావిడ ఆమెకు బొట్టు పెట్టి, పసుపు కుంకుమ చేతికిచ్చి పంపేది. కొత్త కోడలు కాలు పెట్టినట్టు ఆమె పెరట్లో కాలు పెట్టాలని చూసేవారు. చేతుల్లో ఏదో ఉంటుందంటే నేను నమ్మే రకాన్ని కాదు. అయినా ఏటా నేను కూడా పిలిచేదాన్ని. ఆమె ఆ పూట ఎంత మురిసిపోయేదో నాకు తెలుసు.

ఇక మిగతా రోజులు ప్రశ్నలు. కాలం మారినకొద్దీ ప్రశ్నలు మారేవి, అడిగేవాళ్లు మారేవారు కాదు. మా పక్కింటి దుర్గాభవాని అయితే కూర తాలింపులో ఉండగా కూడా ఫోను చేసేది.

"అక్కా, కొత్తిమీర సల్లి ఎన్ని దినాలాయె, ఒక్కటి మొలుస్తలేదు."

"నలిపినవా? గింజ రెండు బద్దలు గావాలె. దుకాణంల కొన్నది గట్లనే సల్లితే యాడ మొలుస్తది?"

"బీరపూత మొత్తం రాలిపోతున్నది అక్కా."

"ముందుగాల వచ్చేటియి మగపూలు, రాల్తయి. పువ్వు ఎన్క సన్న పిందె ఉన్నది సూడు, గది నిలుస్తది. ఫికర్ జెయ్యకు."

చిక్కుడు ఆకు మస్తుగా ఉంది, పూత లేదని ఒకరు మొత్తుకుంటే, పొద్దు పొట్టిగా కానివ్వండి, దసరా పోయాక పూస్తుంది, అప్పటిదాకా ఎరువు వేయకండి అనేది. టమాట నారు వానలు తగ్గాక పోయమనేది. మాఘమాసంలో చిక్కుడుకు పేను పడితే పొయ్యి బూడిద చల్లమనేది, పొయ్యి ఎక్కడుందే అంటే తన అమ్మగారి ఊరి నుంచి తెప్పించి ఇచ్చేది. ఎండాకాలం పుంటికూర అనే గోంగూర, తోటకూర, బచ్చలి తప్ప ఏదీ పెట్టొద్దనేది. ఎవరైనా మొండికేసి టమాటలు పెడితే పాత చీరలు పట్టుకొచ్చి వాటికి నీడ కట్టేది. అంత ఎత్తున మా మేడ మీదికి తేనెటీగలు రావని, ఆనిగెపుకాయ, అదే మా సొరకాయ, పూలు విచ్చుకునే సాయంత్రం పూట తనే మగపువ్వు తుంచి ఆడపువ్వుకు తాకించి పోయేది.

"మా ఇంటామె ఊర్లున్న పూలకన్నిటికి పెండ్లిళ్లు జేస్తది. బిడ్డ పెండ్లి మర్సిపోతదేమో" అనేవాడు కనకరాజు వీధిలో నిలబడి.

ఆయన ఏ రోజూ మొక్కకు చెంబెడు నీళ్లు పోసిన పాపాన పోలేదు. కానీ పందిళ్లన్నీ ఆయనవే. ఫ్యాక్టరీలో పారేసే ఇనుప పైపుల ముక్కలు అడిగి తెచ్చి, ఆదివారం పూట అతికించి, గోడకు పందిరి కట్టేవాడు. నర్సమ్మ కింద నిలబడి ఇటు జరుపు, అటు జరుపు అనేది. ఆయన విసుక్కుంటూనే జరిపేవాడు. వాళ్లిద్దరూ సరసమాడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. పందిరి దగ్గర పోట్లాడుకోవడమే చూశాను, అదే వాళ్ల సరసం.

ఇక్కడ సుశీలమ్మగారి సంగతి చెప్పాలి. ఆవిడ భర్త చిన్నవయసులోనే పోయారు. మిరుగం నాడు నర్సమ్మ తడిజుట్టుతో గింజలు పట్టుకుని బయటికి రాగానే, ఆవిడ వాకిట్లోంచి లేచి తనంతట తానే లోపలికి వెళ్లిపోయేవారు. ఎవరూ పొమ్మనలేదు. నర్సమ్మ కూడా ఆవిడ వెళ్లేదాకా ఊరికే అటూ ఇటూ సర్దుతూ ఉండేది. ఇద్దరిలో ఎవరికీ అది తప్పుగా తోచలేదు. వంట అయ్యాక ఎవరి గిన్నె వాళ్లు కడుక్కున్నట్టే ఉండేది వాళ్లకు.

కూతురు రాణికి పెళ్లయింది. అల్లుడు దయాకర్ కొరియర్ కంపెనీలో చేస్తాడు. వాళ్లు నాగారంలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఇంటి వెనక పదునున్న ఎర్రమట్టి, ఎండ పొద్దంతా పడుతుంది. నర్సమ్మ ఆ జాగా చూసొచ్చిన రోజు మా ఇంటికొచ్చి దాని గురించే మాట్లాడింది, ఇంటి గదుల గురించి ఒక్క ముక్క చెప్పలేదు. కనకరాజు ఆ ఎండాకాలమంతా కూర్చుని కూతురి కోసం పందిరి చేశాడు. ఈసారి పారేసిన ముక్కలు కాదు, కొత్త పైపులు. ఆకుపచ్చ రంగు కూడా వేశాడు. ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తూ నాతో అన్నాడు.

"సూడు తారక్కా, ఇది నా ఎన్క కూడ నిలవడ్తది. మిరుగం నాడు ఆమె చేతి గింజ దీని కింద పడాలె. బిడ్డ ఇల్లు పచ్చగుంటది."

మిరుగం దాకా ఆయన ఉండలేదు. ఎండలు ఇంకా తగ్గకముందే, డ్యూటీ నుంచి బస్సు దిగి నడిచి వస్తూ రోడ్డు పక్కన కూలబడ్డాడు. ఎవరో ఆటోలో వేసుకుని దవాఖానాకు తీసుకెళ్లారు. అక్కడికి చేరేసరికే ప్రాణం లేదు. నర్సమ్మ ఆ సమయంలో మా మేడ మీద బచ్చలికి నీళ్లు పోస్తోంది.

దినాల నాడు ఏం చేస్తారో అందరికీ తెలుసు, నేను రాయను. గాజుల చప్పుడు వినలేక నేను బయటికి వచ్చేశాను.

కార్తె వచ్చింది. పొద్దున్నే చిన్న వాన పడి మట్టివాసన లేచింది. నేను ఆమెకు తోడుగా ఎదురింటి అరుగు మీద కూర్చున్నాను. ఫోను మోగింది. దుర్గాభవాని.

"అక్కా, బెండగింజలు నానబెట్టాల్నా, ఉత్తగ పెట్టాల్నా?"

నర్సమ్మ చెప్పింది. మళ్లీ మోగింది. కాకరకు ఎంత ఎడం ఉండాలి. చెప్పింది. తోటకూర ఇసుకలో కలిపి చల్లాలా. చెప్పింది. ప్రశ్నలన్నీ వచ్చాయి, పిలుపు మాత్రం రాలేదు. దుర్గాభవాని ఇంటి వాకిట్లో నలుగురు ఆడవాళ్లు చేరి మాట్లాడుకుంటున్న మాటలు వీధి ఇవతలికి వినిపిస్తూనే ఉన్నాయి. వేరెవరో మొదటి గింజ పెడుతున్నారు. వీళ్ల సిగ్గులేనితనానికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి వెళ్లి నాలుగు దులిపేద్దామనుకున్నాను. ఈలోగా సుశీలమ్మగారు వచ్చి నర్సమ్మ భుజం మీద చేయి వేశారు.

"లోపల్కి పోదాం పా బిడ్డ" అన్నారు.

ఎంత మామూలుగా అన్నారో. ఇన్నేళ్లూ ఆవిడ ఒక్కరే నడిచిన దారిలోకి ఇప్పుడు తోడు దొరికింది. నర్సమ్మ నా వైపు చూడకుండా ఆవిడ వెంట లోపలికి వెళ్లింది.

నాలుగు రోజులు పోయాక రాణి ఫోను చేసింది. స్పీకరులో పెట్టి మాట్లాడింది నర్సమ్మ, నేను అక్కడే ఉన్నాను. పందిరి కింద మట్టి తవ్వించారట. గింజ ఎంత లోతు, కన్ను ఎటు, నీళ్లు ఎప్పుడు, అన్నీ అడిగింది. తల్లి అన్నీ ఓపిగ్గా చెప్పింది. చివర్లో రాణి గొంతు తగ్గించింది.

"అత్తమ్మ పెడ్తనంటున్నది అమ్మా" అంది.

"మంచిదే బిడ్డ. ఇంటి పెద్ద, ఆమెనే పెట్టాలె" అంది నర్సమ్మ.

ఫోను పెట్టేసింది. నేను రాణిని తిట్టబోతే ఆపింది.

"దాన్నేం అనకు అక్కా. దాని అత్త సూర్యకళ ఒదినె ఎన్నడు మట్టి వట్టలె, గింజ లోతుకు వోతది. నువ్వు నా దగ్గర నేర్సుకున్నవ్. నువ్వు వచ్చి పెట్టు. నేను పక్కకు నిలవడి సెప్త. రాణోళ్ల నాయిన చేసిన పందిరి అది, ఒట్టిగ పోవద్దు."

నాకు పసుపు కుంకుమలున్నాయి కాబట్టి నన్ను తీసుకెళ్తోంది. ఆ మాట తను అనలేదు, నేను అడగలేదు. సరేనన్నాను. మనసులో మాత్రం వేరే పథకం వేసుకున్నాను.

నాగారంలో సూర్యకళ మమ్మల్ని బాగానే చూసుకుంది. చెడ్డ మనిషి కాదు. చెడ్డదైతే తిట్టి బయటపడేదాన్ని. చల్లటి మజ్జిగ ఇచ్చి, నర్సమ్మ చేయి పట్టుకుంది.

"ఏమనుకోకు ఒదినె. కొత్త ఇల్లు, పిల్లలు గావాల్సినోళ్లు. ఎన్కకెల్లి నలుగురు నాలుగు మాటలంటరు."

"నాకు ఎర్కలేదా ఒదినె. గందుకే తారక్కను తోలుకొచ్చిన."

పెరట్లోకి వెళ్లాం. ఆకుపచ్చ పందిరి ఎండలో మెరుస్తోంది. ఒక కాలు దగ్గర రంగు కారి గడ్డకట్టిన చోట కనకరాజు వేలిముద్ర అంటుకుపోయి ఉంది. నర్సమ్మ దాన్ని చూసింది, తాకలేదు. దూరంగా బోరుపంపు దగ్గర నిలబడి కొంగు ముడి విప్పి నానిన గింజలు నా చేతిలో పోసింది. రాణి నీళ్ల చెంబుతో తలొంచుకుని నిలబడింది.

నేను గింజలు తీసుకుని పందిరి దాకా వెళ్లి, వెనక్కి తిరిగి వచ్చి నర్సమ్మ చేయి పట్టుకున్నాను. "నాకు చేతకాదు. నువ్వే పెట్టు" అన్నాను గట్టిగా, అందరికీ వినపడేలా. లాక్కుంటూ పందిరి దగ్గరికి తీసుకొచ్చి గింజ ఆమె వేళ్ల మధ్య పెట్టాను. సూర్యకళ ముఖం అటు తిప్పుకుంది, కాదనలేదు. రాణి చెంబు కింద పెట్టేసింది.

"పెట్టమ్మా. ఏం గాదు, పెట్టు" అంది ఏడుస్తూ.

ఎవరూ అడ్డం లేరు. ఒక్క జానెడు వంగితే చాలు. నర్సమ్మ గింజ కన్ను కిందికి తిప్పింది కూడా. అంతలో నిప్పు ముట్టుకున్నట్టు చేయి వెనక్కి తీసేసుకుంది.

"వద్దు. నా బిడ్డ ఇల్లిది" అంది.

గింజ కింద పడింది. చివరికి నేనే పెట్టాను. ఆమె వెనక నుంచి చెప్తూనే ఉంది, "ఇంక జర లోతు, అంత గాదు, సాలు, మట్టి ఒత్తకు, మీదికెల్లి ఊకె కప్పు." "మొలువు తల్లీ" అన్న మాట మాత్రం అనలేదు. నేనూ అనలేకపోయాను.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నా కోపమంతా ఆమె మీదే చూపించాను. "అందరూ ఒప్పుకున్నాక నీకేమొచ్చింది? ఎందుకు చెయ్యి లాక్కున్నావు?" అన్నాను. ఆమె బయటికి చూస్తూనే అడిగింది.

"అక్కా, గింజకు ఎర్కయితదా, ఏ చేయి పెట్టిందో?"

ఇన్నేళ్లలో మొక్కల గురించి ఆమె నన్ను అడిగిన ప్రశ్న అదొక్కటే. నాకు జవాబు తెలిసిన ప్రశ్నే అడిగిందని సంబరపడ్డాను.

"తెలియదు నర్సమ్మా. ఏ దేవుడి మీదైనా ఒట్టేసి చెప్తాను. మట్టీ నీళ్లే దానికి తెలుసు. చేయి ఎవరిదైతే దానికేం? ఈ చాదస్తమంతా మనుషులు పుట్టించిందే."

ఈసీఐఎల్ చౌరస్తా దాటాక ఆమె మెల్లగా అంది.

"మరి ఇన్నేండ్లు అందరు నా చేయి మంచిదన్నరు గద. గదీ ఉత్తదేనా?"

ఆమె నా వైపు తిరిగింది.

"ఆయన ఉన్నన్ని దినాలు నా చేయి మంచిగుండె అక్కా. ఆయనతోని పోయింది. గట్ల అనుకుంటే, ఆయనున్నప్పుడు నా చేతుల ఏమో ఉండె అన్నట్టన్న అయితది. ఎన్నడు ఏం లేదంటవా? మరి ఇగ నాకేం మిగిలింది చెప్పు."

మంచి చేస్తున్నాననుకుని నేను ఆమె దగ్గరున్న ఆ కాస్తా కూడా లాక్కోబోయాను. నాకు ఏడుపొచ్చింది. ఆటో శబ్దంలో ఏడవడం సులువు. ఆమె నా వీపు నిమిరింది, నేను ఆమెను ఓదార్చాల్సింది పోయి.

నాగారంలో చిక్కుడు మొలిచింది. దసరా పోయాక ఊదారంగు పూత పందిరి నిండా వచ్చిందని రాణి ఫొటోలు పంపింది. చలికాలంలో సంచి నిండా కాయలు తెచ్చింది. నర్సమ్మ ఈనెలు తీసి, వండి, మొదటి ముద్ద కనకరాజు ఫొటో ముందు పెట్టింది. "పందిరి గట్టిగ నిలవడ్డది" అని ఆయనకు చెప్పింది. తన వెనక జాగాలో ఆ ఏడు ఏమీ పెట్టలేదు. గడ్డి మొలిచింది. మోరీ పక్కన ఎవరో మళ్లీ ఒక విరిగిన కుర్చీ పడేశారు.

ఫోన్లు ఆగలేదు. మిరప ఆకు ముడుచుకుంటే ఏం చేయాలి, ఎండాకాలం పుంటికూరకు నీళ్లు రెండు పూటలా పోయాలా. అందరికీ చెప్తుంది. ఎవరి మీదా ఆమెకు కోపం లేదు. ఆ కోపం నాకుంది, దుర్గాభవానితో నేను మాట్లాడి ఏడాదయింది.

మా మేడ మీద అన్నీ నేనే పెట్టుకున్నాను. సిమెంటు తొట్టి మాత్రం ఖాళీగా ఉంచాను. నువ్వు పెట్టేదాకా అది అలాగే ఉంటుందని ఆమెకు చెప్పాను. మొండితనంలో నన్ను మించినవాళ్లు లేరని మా ఆయన అంటారు. ఈసారి మిరుగం నాడు పొద్దున్నే ఆమె మెట్లెక్కి వచ్చింది. తలస్నానం చేసి వచ్చింది. తొట్టిలో గడ్డి పీకింది, పుల్లతో మట్టి గుల్ల చేసింది. తడి చూడ్డానికి వేలు కణుపు దాకా గుచ్చింది. ఆ గుంట పూడకముందే నేను ఆమె అరచేతిలో గింజ పెట్టాను.

చాలాసేపు దాన్ని పట్టుకునే ఉంది. కన్ను ఎటుందో తిప్పి చూసుకుంది. తర్వాత నా చేయి పట్టుకుని, అందులో పెట్టి, వేళ్లు మూసింది.

"నువ్వు పెట్టు అక్కా. లోతు సరిపోయింది" అని, పంపు దగ్గర చేతులు కడుక్కుని కిందికి దిగిపోయింది.

నేను పెట్టలేదు. సాయంత్రం వాన పడి ఆ గుంట పూడిపోయింది.